కెండామాను ఇంట్లో సరిచేసుకోవడం: దారం, మైనం, ఉప్పుకాగితం, రంగులలో దేనిని ఎప్పుడు ఎంచుకోవాలి

దారంతో కట్టిన బంతిని పిడికున్న గిన్నెల్లోనూ మొన మీదా పట్టి ఆడే జపాన్ చెక్క బొమ్మ కెండామా. అది చేతికి వచ్చిన కొన్నాళ్లకే దాన్ని తమకు తగ్గట్టు మార్చుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. దారం పొట్టిగా ఉందని ఒకరికి, బంతి గిన్నె అంచు మీద నిలవకుండా జారిపోతోందని ఇంకొకరికి, రంగు పెచ్చులూడి అందవిహీనంగా తయారైందని మరొకరికి అసంతృప్తి ఉంటుంది. ఇవి మూడు వేర్వేరు ఇబ్బందులు, వీటన్నిటికీ మందు ఒకటే కాదు. అయినా ఇంట్లో ఉప్పుకాగితం ముక్క ఒకటి కనబడగానే అన్నిటికీ అదే విరుగుడు అనుకుని అరగదీయడం మొదలుపెట్టేవారే ఎక్కువ. ఏ ఇబ్బందికి ఏ మార్గం తగినదో పోల్చి చూడడానికి నేను వాడే కొలబద్ద ఒక్కటే: చేసిన మార్పు నచ్చకపోతే బొమ్మను మళ్లీ మొదటి స్థితికి తేగలమా, లేదా? దారం మార్చితే తేగలం. చెక్క అరగదీస్తే తేలేం. రంగు ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది గానీ, మనం అనుకునేదానికన్నా అది రెండో వైపుకే దగ్గర.

ఏ భాగాన్ని తాకితే ఆటలో ఏది మారుతుందో ముందు తెలిసి ఉండాలి. చేతితో పట్టుకునే పిడిని కెన్ అంటారు. దాని పైకొసన మొన, కింది కొసన మధ్య గిన్నె ఉంటాయి. పిడికి అడ్డంగా తొడిగిన ముక్క పేరు సరాదో, దానికి ఒక పక్క పెద్ద గిన్నె, రెండో పక్క చిన్న గిన్నె. బంతిని తామా అంటారు. దానికి పైన దారం కోసం సన్నటి రంధ్రం, కింద మొన దిగడానికి వెడల్పాటి రంధ్రం ఉంటాయి. నేడు మనం చూస్తున్న ఈ రూపం జపాన్‌లోని హిరోషిమా ప్రాంతంలో, కురె పట్టణానికి చెందిన ఎగుసా హమాజి పేరున 1919లో నమోదైంది. ఆ తరువాత చెక్కపనికి పేరుపడ్డ హత్సుకాయిచిలో దీని తయారీ పుంజుకుంది. 2014 నుంచి కెండామా వరల్డ్ కప్ జరుగుతున్నదీ ఆ ఊళ్లోనే. 1975లో ఫుజివారా ఇస్సెయి స్థాపించిన జపాన్ కెండామా సంఘం బొమ్మకు ప్రామాణిక కొలతలు నిర్ణయించింది. ఆ లెక్కన బంతి వ్యాసం 60 మిల్లీమీటర్లు. సంఘం నిర్వహించే స్థాయి పరీక్షలకూ పోటీలకూ వారి ఆమోదముద్ర ఉన్న కెండామానే వాడవలసి ఉంటుంది గనుక, అటువైపు వెళ్లే ఆలోచన ఉన్నవారు ఆ బొమ్మకు అరిగిన దారం మార్చడం తప్ప మరేమీ చేయకుండా, ప్రయోగాలకు ఇంకొకటి పెట్టుకోవడం మేలు.

దారం: ముందుగా చూడవలసింది ఇదే

ఆట కుదరడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో సగానికి దారమే కారణమని నా అభిప్రాయం. కొత్త బొమ్మలతో వచ్చే దారం సాధారణంగా పిడికీ బంతికీ మధ్య 38 నుంచి 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పెద్ద గిన్నె, చిన్న గిన్నె, మధ్య గిన్నె, మొన అనే మొదటి పాఠాలకు ఇది సరిపోతుంది. పొట్టి దారంతో బంతి తక్కువ దూరం తిరుగుతుంది, ఊపు అదుపులో ఉంటుంది, కాబట్టి పిల్లలకూ కొత్తవారికీ అదే అనుకూలం. పెద్ద గిన్నె నుంచి మధ్య గిన్నెకు బంతిని లయగా మార్చే మోషికమే సాధన చేసేవారికి కూడా పొడవాటి దారం అడ్డమే, ఎందుకంటే మిగులు దారం గిన్నెలో పడి బంతి కింద ఇరుక్కుంటుంది. పిడినీ బంతినీ రెండింటినీ గాలిలోకి వదిలి తిరిగి పట్టుకునే ఆటలు మొదలుపెట్టినవారికి మాత్రం రెండు మూడు వేళ్ల వెడల్పు అదనపు దారం నిజంగా అవసరమవుతుంది. పొట్టి దారం బంతిని మధ్యలోనే లాగేస్తే, ఎంత సాధన చేసినా ఆ ఆట రాదు.

పొడవు తేల్చుకోలేకపోతే కాస్త పొడవుగానే కట్టండి. పొడవును ఇంకో ముడితో తగ్గించవచ్చు, పొట్టిదాన్ని పెంచలేం. కట్టిన తరువాత బంతిని వరుసగా మూడు గిన్నెలలోనూ మొన మీదా పెట్టి చూసి, ఏ స్థానంలోనూ దారం బిగుసుకుపోకుండా కొంచెం వదులుగా వేలాడుతోందో లేదో గమనించాలి.

ఇక ఏ దారం? నూలు దారం మెత్తగా ఉండి చేతికి బాగుంటుంది, ముడి జారదు, కానీ రంధ్రం అంచు దగ్గర తొందరగా పీచుగా విడిపోతుంది, చెమటకు మురికి పడుతుంది. నైలాన్, పాలిస్టర్ దారాలు చాలాకాలం మన్నుతాయి. మెలి కూడా తొందరగా విప్పుకుంటాయి. వాటి ముడి మాత్రం జారుతుంది గనుక రెండు ముళ్లు వేసి, కొసను అగ్గిపుల్లతో కొద్దిగా కరిగించి మొద్దుచేయాలి. అల్లికల సామాను అమ్మే దుకాణాల్లో దొరికే, సుమారు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందమున్న జడ అల్లిన నైలాన్ దారం ఈ పనికి చక్కగా కుదురుతుంది. పురి పెట్టిన దారంకన్నా జడ అల్లిన దారం మెలికలు పడదు. సంక్రాంతి తరువాత ఇంట్లో మిగిలిపోయిన మాంజాను మాత్రం దీనికి కట్టకూడదు. గాజుపొడి పట్టించిన దారం వేళ్లను కోస్తుంది, చెక్కనూ కోస్తుంది.

దారం మార్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు. సరాదోను పిడి మొన వైపుకు నెమ్మదిగా తిప్పుతూ లాగితే ఊడి వస్తుంది. దారం సరాదో పక్కనున్న చిన్న రంధ్రం గుండా లోపలికి వెళ్లి, పిడిలోని రంధ్రం దగ్గర ముడితో ఆగి ఉంటుంది. బంతిలో అది పై రంధ్రం గుండా దిగి, లోపల ఒక పూసకు కట్టి ఉంటుంది. విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవడం మరవకండి. కుడిచేతివాటం వారికీ ఎడమచేతివాటం వారికీ దారం బయటికి వచ్చే పక్క వేరుగా ఉంటుంది, తిరిగి తొడిగేటప్పుడు సరాదో తారుమారైతే ప్రతి ఊపులోనూ దారం పిడికి చుట్టుకుంటుంది. బంతిలోకి కొత్త దారం ఎక్కించడానికి సన్నటి ఇనుప తీగను సగానికి మడిచి సూదిలా వాడితే, వెడల్పు రంధ్రం గుండా దారం కొసను బయటికి లాగి పూస కట్టడం నిమిషాల పని. నునుపైన గాజు పూసను కడితే బంతి తేలికగా తిరిగి దారం మెలి తగ్గుతుంది. ఇదే పని ఇంకా బాగా చేసే చిన్న బేరింగ్ పూసలు ఆటగాళ్ల కోసం అమ్ముతారు గానీ, కొత్తవారు వాటికి డబ్బు పెట్టనక్కరలేదు.

సరాదో వదులైనప్పుడు

ఎండాకాలంలో చెక్క ఆరి కుంచించుకుంటుంది, వానల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది. అందుకే మే నెలలో గిలకలా ఆడిన సరాదో ఆగస్టులో తనంతట తానే బిగుసుకోవచ్చు. దీనికి జిగురు పెట్టడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక, ఎందుకంటే మళ్లీ దారం మార్చవలసి వచ్చినప్పుడు సరాదో ఊడదు. పిడి మెడ చుట్టూ ఒక పొర పలుచని కాగితం చుట్టి సరాదోను తొడిగితే చాలు. వానాకాలంలో బిగుసుకున్నప్పుడు సుత్తితో కొట్టకుండా, పొడి గదిలో కొన్ని రోజులుంచి ప్రయత్నించడం మంచిది.

పట్టు పెంచడం: ఉత్త చెక్క, మైనం, నూనె

బంతి మెరిసే లక్కర్ పూతతో ఉంటే గిన్నెలో చురుగ్గా కదులుతుంది, మొన మీదికి జారుతూ దిగుతుంది, కానీ నిలబెట్టే ఆటల్లో మొండికేస్తుంది. బంతిని పట్టుకుని దాని మీద పిడిని నిటారుగా నిలిపే లైట్‌హౌస్ అనే ఆట ఇందుకు మంచి పరీక్ష. మెరుపు పూత మీద మధ్య గిన్నె అంచు క్షణంలో జారుతుంది. పూత లేని చెక్క బంతి మీద కాస్త ఆగుతుంది. రబ్బరు వంటి జిగట పూత మీద స్థిరంగా నిలుస్తుంది. అయితే జిగట బంతి మొన మీదికి దిగేటప్పుడు రంధ్రం అంచు దగ్గరే పట్టుకుని ఆగిపోతుంటుంది. నిలబెట్టే ఆటలే ఇష్టమైనవారు జిగట పూత, మొన ఆటలు ఇష్టమైనవారు మెరుపు పూత ఎంచుకోవచ్చు. ఏదీ తేలనివారికి నా సలహా పూత లేని చెక్క బంతి. ఆడేకొద్దీ గీతలూ చేతి చెమటా కలిసి దానికి పట్టు దానంతటదే పెరుగుతుంది, పైగా ఇంట్లో ఎలాంటి మరమ్మతుకైనా అదే అనుకూలంగా లొంగుతుంది.

పూత లేని చెక్కకు రక్షణ కావాలనుకుంటే మైనమో నూనెయో పట్టించాలి. మైనాల్లోనే రెండు రకాల స్వభావాలున్నాయని గుర్తుంచుకోవాలి. తేనెమైనం కొద్దిగా జిగటగా ఉండి పట్టునిస్తుంది. కొవ్వొత్తిలోని పారఫిన్ మైనం జారుడునిస్తుంది. కనుక మొనకు పారఫిన్ ఒక్క గీత రుద్దితే అది రంధ్రంలోకి సులువుగా దిగుతుంది, బంతికి తేనెమైనం పలుచగా రుద్ది మెత్తని గుడ్డతో మెరుగు పెడితే నిలకడ పెరుగుతుంది. ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఫలితమూ తారుమారే. తేనెమైనం 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. వేసవిలో ఎండలో నిలిపిన కారులో బొమ్మను వదిలితే పూత గుడ్డలకు అంటుకుంటుంది.

నూనె చెక్క లోపలికి ఇంకుతుంది కాబట్టి మైనంకన్నా ఎక్కువ కాలం ఉంటుంది, చెక్క గీతల అందాన్ని కూడా బయటికి తెస్తుంది. ఇక్కడ మన ఇళ్లలో ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, చేతికి మొదట అందేది కొబ్బరినూనె. అది ఆరే నూనె కాదు. ఎన్నాళ్లయినా జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకుంటుంది, కొంతకాలానికి కమురు వాసన కూడా వస్తుంది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడే రకం, కాబట్టి ఈ పనికి అదే సరైనది. పలుచగా రుద్ది, పావుగంట తరువాత మిగిలినదంతా తుడిచేసి, కొన్ని రోజులు ఆరనివ్వాలి. ఆ నూనెలో తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకూడదు. ఆరే క్రమంలో వాటిలో వేడి పుట్టి తమంతట తామే అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది, కాబట్టి ఆరుబయట పరిచి ఆరబెట్టాలి. దుకాణాల్లో ఉడికించిన అవిసె నూనె పేరుతో అమ్మేవాటిలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు గనుక, బొమ్మను నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో తేనెమైనమే నయం.

ఒక్క సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. మైనమో నూనెయో పట్టిన చెక్క మీద తరువాత రంగు సరిగా పట్టదు. ఎప్పటికైనా రంగు వేయాలన్న ఆలోచన ఉంటే ఈ రెండింటి జోలికి పోవద్దు.

సొట్టలు, పేళ్లు: ఆవిరి పట్టాలా, అరగదీయాలా

గచ్చు నేల మీద నాలుగు సార్లు పడిన కెండామాకు గిన్నె అంచుల్లో సొట్టలు తప్పవు. అందంగా కనబడవన్న మాటే గానీ చాలా సొట్టలు ఆటకు అడ్డం రావు. పైగా మొద్దుబారిన అంచు కొత్త అంచుకన్నా బంతిని మెరుగ్గా పట్టుకుంటుందని ఆటగాళ్ల అనుభవం. కాబట్టి మొదటి ఎంపిక ఏమీ చేయకపోవడమే. వేలికి గుచ్చుకునే పేళ్లు, బంతి రంధ్రం చుట్టూ లేచిన రేకులు మాత్రం వెంటనే తీయవలసినవి.

పూత లేని చెక్కలో పడిన సొట్టకు అరగదీతకన్నా మంచి ఉపాయం ఆవిరి. సొట్టలో చెక్క నార తెగిపోదు, నొక్కుకుపోతుంది. దాని మీద ఒక చుక్క నీళ్లు వేసి రెండు నిమిషాలు ఇంకనిచ్చి, తడిపి పిండిన నూలు గుడ్డను నాలుగు మడతలు వేసి పరిచి, వేడెక్కిన ఇస్త్రీ పెట్టె ముక్కును సరిగ్గా ఆ చోట రెండు మూడు సెకన్లు ఆనించి తీయాలి. బుస్సుమని ఆవిరి లేస్తుంది, గుడ్డ ఎత్తి చూస్తే సొట్ట అడుగు పైకి ఉబికి ఉంటుంది. ఒకసారికి పూర్తిగా రాకపోతే మళ్లీ చేయవచ్చు. ఆ తరువాత ఒక రోజు ఆరనిచ్చి, లేచిన నూగును 400 నంబరు ఉప్పుకాగితంతో ఒకటి రెండు సార్లు నిమిరితే చాలు. అంచు చిట్లి ముక్క ఎగిరిపోయిన చోట ఈ ఉపాయం పనిచేయదు, పూత ఉన్న బంతి మీద చేస్తే పూత బొబ్బలెక్కుతుంది.

అరగదీయక తప్పనప్పుడు నంబరు ఎంపిక ముఖ్యం. 120 వంటి ముతక కాగితం కెండామా మీదికి రానేకూడదు. పేళ్లకు 320, నునుపుకు 400, చివరి మెరుగుకు 600 సరిపోతాయి. బంతి రంధ్రంలోని రేకులను తీయడానికి పెన్సిలుకు ఉప్పుకాగితం చుట్టి, లోపలి నుంచి బయటికి కాకుండా అంచు చుట్టూ వలయంగా తిప్పాలి. రంధ్రం అంచున ఏటవాలుగా ఉండే భాగమే మొనకు దారి చూపిస్తుంది. అది ఒక పక్క ఎక్కువ అరిగితే బంతి ఎప్పుడూ ఒకే వైపుకు ఒరిగి దిగుతుంది. ఆ ఏటవాలును వెడల్పు చేస్తే మొన ఆటలు సులువవుతాయన్నది నిజమే, కానీ లైట్‌హౌస్ వంటి ఆటలకు బంతిని వేళ్లతో పట్టుకునే తీరు, బంతి నిలకడ కూడా దానితో మారతాయి. ఇంట్లో చేత్తో చేసే పనికి ఇంత సూక్ష్మత సాధ్యం కాదని నేను అనుకుంటాను. వెడల్పాటి ఏటవాలు కావాలంటే అలా తయారైన బంతిని విడిగా కొనుక్కోవడమే ఉత్తమం.

మొన విషయంలో రెండు వాదాలున్నాయి. పదునైన మొన రంధ్రాన్ని త్వరగా అందుకుంటుంది గానీ నేల మీద పడితే తొందరగా విరుగుతుంది. గుండ్రటి మొన మన్నుతుంది గానీ గురి తప్పితే క్షమించదు. పిల్లలు ఆడే బొమ్మకైతే రెండో ఆలోచన లేకుండా గుండ్రటి మొనే ఉంచాలి. పెద్దవారు కొత్త మొనను ఉన్నది ఉన్నట్టే వాడి, మొద్దుబారి పీచు లేచినప్పుడు మాత్రం కొస నుంచి కిందికి, చెక్క నార వెంబడి, 400 నంబరుతో నాలుగు వైపులా సమానంగా సవరించుకోవచ్చు. పిడిలో సన్నటి పగులు వస్తే పలుచని సూపర్ గ్లూ లోపలికి పాకి బాగా పట్టుకుంటుంది. అది ఇంకిన చోట తరువాత నూనెగానీ మైనంగానీ పట్టదు గనుక చుక్క అటూ ఇటూ కారకుండా చూసుకోవాలి.

రంగు వేయడం

రంగు పోయిన బంతికి మళ్లీ రంగు వేయడం అందరికీ మొదట తట్టే సరదా. నా దృష్టిలో మాత్రం ఇది చివరి ఎంపిక. పాత రంగు పూర్తిగా తీయాలంటే బంతి మొత్తాన్ని సమానంగా అరగదీయాలి, చేత్తో తీస్తే ఎక్కడో ఒకచోట చదునవుతుంది, అలా చదునైన చోట గిన్నె అంచు ఒక తీరుగా, మిగతా చోట్ల ఇంకొక తీరుగా కూర్చుంటుంది. అందుకే పాత రంగును పూర్తిగా తీయకుండా, 320 నంబరుతో మెరుపు పోయేంత వరకు మాత్రమే రుద్ది, దాని మీదే కొత్త రంగు వేయడం మంచి మార్గం.

ఇంట్లో మిగిలిన గేటు ఎనామిల్ వేస్తే మందంగా కారి, కింది వైపు చుక్కలా గడ్డకట్టి, ఆరడానికి చాలా రోజులు పడుతుంది. గోళ్ల రంగు చిన్న పెచ్చును కప్పడానికి పనికొస్తుంది గానీ పెళుసుగా ఆరి మొదటి దెబ్బకే ఊడుతుంది. నీటితో కలిపే ఆక్రిలిక్ రంగు రెండు మూడు పలుచని పూతలుగా వేసి, పైన పారదర్శకమైన పాలియురెథేన్ పూత ఒకటి ఇవ్వడం ఇంటి పనికి అన్నిటిలోనూ అనువైనది. రంగు వేసే ముందు వెడల్పు రంధ్రంలో స్పాంజి ముక్క దూర్చి, ఏటవాలు అంచుకు కాగితపు టేపు అంటించాలి. అక్కడ రంగు చేరితే రంధ్రం ఇరుకై మొన బిగుసుకుంటుంది. గిన్నెల లోపలికీ మొనకూ రంగు వేయనేకూడదు. పసుపుతో అద్దకం చేద్దామనుకునేవారికి ఒక మాట: చూడడానికి ఎంతో బాగుంటుంది, కానీ వెలుతురుకు ఆ రంగు నిలవదు.

లక్క పిడతలతో ఆడుకున్నవారికి ఇంకొక దారి తప్పకుండా తోచి ఉంటుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పనివారు లేతు మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనించి, ఆ రాపిడి వేడికి కరిగిన లక్కను పూతగా పరుస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల నునుపు చూస్తే కెండామా బంతికి ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. కానీ ఆ పూత తిరిగే లేతు మీదే కుదురుతుంది, చేత్తో పట్టేది కాదు. పైగా లక్క పెళుసు గనుక, మాటిమాటికీ గిన్నె అంచుకు తగిలే బంతి మీద అది పెచ్చులు లేస్తుంది. అంకుడు కర్ర కూడా చెక్కడానికి ఎంత అనువైన మెత్తని కర్రో, దెబ్బలు తినడానికి అంత తక్కువ అనువైనది. కెండామాలకు ఎక్కువగా వాడే బీచ్, మేపుల్ కర్రలు దానికన్నా గట్టివి. అలంకారానికి అరలో పెట్టుకునే కెండామా కావాలంటే మాత్రం లక్క పూత కన్నా అందమైనది నాకు తెలియదు.

ఇన్ని పనులూ వద్దు, బంతి ఒక్కటే పాడైందనుకునేవారికి విడి బంతులు కూడా దొరుకుతాయి. కొనే ముందు దాని వ్యాసాన్ని, వెడల్పు రంధ్రాన్ని మీ దగ్గరున్న బంతితో పోల్చి చూసుకోవాలి. ఒక తయారీదారు పిడికి ఇంకొక తయారీదారు బంతి తగిలించినప్పుడు మొన అడుగు దాకా దిగకపోవడం, లేదా దిగాక గిలకలాడడం సాధారణం. మొన దిగకపోతే రంధ్రాన్ని పెద్దది చేయడం కన్నా ఆ బంతిని తిరిగిచ్చి సరిపోయేదాన్ని తీసుకోవడమే తేలిక.